చెంపకు చేరిన తీగ చెయ్యి

అమీర్‌పేటలో అందరూ కంప్యూటర్ నేర్చుకుంటున్న రోజుల్లో నేను వెల్డింగ్ నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. సనత్‌నగర్ తుక్కు దుకాణంలో దొరికిన పాత మైక్రోవేవ్ ఓవెన్ విప్పి, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ తీశాను. దాని సన్నతీగ చుట్టను కోసేసి, బొటనవేలంత లావు కేబుల్ రెండు చుట్లు చుట్టాను. కేబుల్ కొసలకు రెండు రాగి కడ్డీలు బిగించాను. ఆ కడ్డీల మధ్య ఇనుప తీగలు పెట్టి కాలితో పెడల్ నొక్కితే, క్షణంలో ఎర్రబడి అతుక్కుంటాయి. అప్పుడు మా కొట్టు పై అంతస్తులో ఉన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో లైట్లు మినుకుమంటాయి.

దాంతో చేస్తున్నది మా ఆవిడ బొమ్మ. ఆమె పోయి ఏడాదైంది. పీట మీద కూర్చున్న మూరెడు ఎత్తు తీగ మనిషి. మొహం కుదిరింది, కొప్పు కుదిరింది. కుడి చెయ్యి ఒక్కటే మిగిలింది. దాన్ని ఒడిలో పెట్టాలనుకున్నాను.

మోచెయ్యి అతకబోయి పెడల్ నొక్కాను. ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంది. వదులుగా వేలాడుతున్న ముంజెయ్యి పైకి లేచి చెంప దగ్గర ఆగింది. కాలు తీయగానే పడిపోయింది. ఒడిలోకి వంచాను. మళ్ళీ లేచింది. ఎలాగో అతికించి వేలితో మీటాను. మంచి అతుకైతే ఖంగుమనాలి. ఇది టప్పుమని ఊడిపోయింది.

పక్క కొట్టులో మోటార్లు చుట్టే భాయ్‌ని పిలిచి చూపించాను.

"కరెంటు పారితే రాగి చుట్టూ అయస్కాంతం పుడ్తది అన్నా. ఇనుమును గుంజుతది. ఫికర్ చెయ్యకు."

"గది నాకు సుత తెలుసు. చెంప కాడికే ఎందుకు పోతది?"

"నన్నడిగితే?" అన్నాడు. బొమ్మకు వీపు చూపకుండా, వెనక్కి నడుస్తూ బయటికి పోయాడు.

ఇన్‌స్టిట్యూట్ నడిపే కోస్తా ఆయన దిగొచ్చాడు.

"ఏంటండీ మాస్టారూ, మీరు బొమ్మలాడుకుంటుంటే పైన మా కంప్యూటర్లన్నీ ఆగిపోతున్నాయి. సోమవారం పరీక్షలు. ఓనరుగారితో చెప్పేశాను, ఆ రోజు మీ లైను తీసేస్తారు."

"ఒక్క చెయ్యి మిగిలింది."

"ఆదివారం క్లాసుల్లేవు. అప్పుడు కానివ్వండి."

బడి మొహం చూడనివాణ్ణి మాస్టారని వెక్కిరించాడు. పైన చదువు అమ్ముతాడు, ఆగిపోయిన కంప్యూటర్ మూత తీసి లోపల ఏముందో చూసినవాడు మాత్రం అక్కడ ఒక్కడూ లేడు.

ఆదివారం మధ్యాహ్నం మేడంతా నిశ్శబ్దంగా ఉంది. చేతిని ఒడిలోకి వంచి, దారంతో మోకాలికి కట్టి, పెడల్ నొక్కాను. కట్టు సడలింది. చెయ్యి నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు పైకి వెళ్ళింది.

అప్పుడు గుర్తొచ్చింది. చివరి ఆరునెలలూ ఆమె అలాగే కూర్చునేది, చెంపకు చెయ్యి చేర్చుకుని. "అశుభం, తియ్యి" అని కసిరేవాణ్ణి. సొంతంగా సైన్సు చదువుకున్నానని విర్రవీగిన నేనే. ఆమె తీసేది. నేను అటు తిరగగానే మళ్ళీ చేర్చేది. పంజాగుట్టలో డాక్టరు దవడలో గడ్డ ఉందని చెప్పేదాకా, ఎందుకలా కూర్చుంటున్నావని ఒక్కసారీ అడగలేదు.

దారం విప్పేశాను. అరచేతిని చెంపకు నేనే ఆనించి, అక్కడొక అతుకు, మోచేతి దగ్గరొక అతుకు వేశాను. మీటితే ఖంగుమంది.

సోమవారం ఆయన మళ్ళీ దిగొచ్చాడు. "ఆదివారమే కానివ్వమన్నాను కదండీ. మీ లైను తీసేసినా పొద్దున్నుంచీ పైన లైట్లు మినుకుమంటున్నాయి."

గోడ నుంచి తీసి చుట్టిపెట్టిన ప్లగ్ వైరు చూపించాను. దాన్ని చూసి, బొమ్మను చూసి, గొంతు తగ్గించాడు.

"చెంప మీద ఆ చెయ్యి తీసేయండి. మంచిది కాదు."

"ఆడ నొప్పున్నది ఆమెకు" అన్నాను. "ఉండనీ."