ఇరవై రెండో అధికరణం, సగం గడ్డం

ఎడారి దేశానికి వెళ్లి జలుబు తెచ్చుకోవడం నాకు కొంచెం నామోషీగా ఉంటుంది. దుబాయ్ ఏసీలకు జాలి తక్కువ.

పోయినేడాది అల్ కుసైస్‌లో ముక్కు తుడుచుకుంటూనే గడ్డం గీయించుకోవడానికి ఒక సెలూన్‌లో కూర్చున్నాను. నాకు గీస్తున్న అబూ సలీం సిరియా మనిషి. పక్క కుర్చీ దగ్గర పనిచేసే మల్లేశం జగిత్యాల వాడు. కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతానని మల్లేశంతో అన్నాను. అనకుండా ఉండాల్సింది. అతను ఆ మాటను హిందీ, అరబీ కలిపి అబూ సలీం చెవిన వేశాడు. కత్తి నా గొంతు దగ్గర ఆగిపోయింది.

"సార్, ఈయన దేశంల పాత సర్కారు కూలింది గద. కొత్త రాజ్యాంగం రాస్తరంట. పెండ్లాం పిల్లలు వాపస్ రమ్మంటున్నరు. గని అప్పట్ల పాత సర్కారోళ్లు ఈయన నాయినను ఇంట్లకెల్లి పట్కపోయిన్రు, ఎందుకో చెప్పలే. గందుకే భయం. పట్కపోతే ఎందుకో చెప్పాలని మన రాజ్యాంగంల ఉన్నదా అని అడుగుతుండు."

"ఉంది. ఇరవై రెండో అధికరణం," అన్నాను హుందాగా, పెదవులు మాత్రమే కదుపుతూ.

మల్లేశం చెప్పాడు. అబూ సలీం మొహం వెలిగింది. మళ్లీ ఏదో అడిగాడు.

"మరి చెప్తరా అంటుండు సార్."

అదే అధికరణంలోని మినహాయింపుల గురించి, ముందస్తు నిర్బంధం గురించి, దాన్ని సమీక్షించే సలహా మండలి గురించి నాకు తెలిసిందంతా వివరించాను. మల్లేశం ఓపికగా విన్నాడు.

"గింత పొడుగు జవాబంటే చెప్పరన్నట్టే గద సార్. టికెట్ ఇప్పుడే తియ్యద్దని చెప్తున్న ఈయనకు."