నీళ్లెంతదాకా వచ్చాయి?

మా అత్త ఇల్లు వంక ఒడ్డున ఉండేది. కడపకు దగ్గర్లో చిన్న టౌను మాది. నాపరాళ్ల గోడలు, మూడు గదులు, వెనక ఒక కరివేపాకు చెట్టు. మా మామ బండల లారీలకు హమాలీగా పోయి, నడుము విరగ్గొట్టుకుని కట్టిన ఇల్లది. ఆయన పోయాక మా అత్తకు తనదంటూ మిగిలింది ఆ ఇల్లొక్కటే.

వంక అంటే ఏదో గలగలా పారే ఏరనుకునేరు. ఏడాదిలో ముక్కాలు భాగం అందులో పిల్లలు క్రికెట్ ఆడతారు, గొర్రెలు పడుకుంటాయి. నా పెండ్లయిన కొత్తలో వాన ముసురు పట్టి నెమ్మదిగా కురిసేది. ఇప్పుడదేం మాయరోగమో, నెలల తరబడి మనల్ని బిందెలతో ట్యాంకరు చుట్టూ తిప్పి, ఆ తర్వాత ఒక్కపూటలో ఏడాది వానంతా నెత్తిన కుమ్మరిస్తుంది. అట్లా కుమ్మరించిన ఒక తెల్లవారుజామున వంక మా ఇంట్లోకే వచ్చింది. నేను, మా ఆయన, అత్త మిద్దె ఎక్కి బతికాం. బియ్యం, బట్టలు, మిక్సీ అన్నీ బురదపాలయ్యాయి.

వరద తగ్గాక నేను పార పట్టుకుంటే, మా అత్త పసుపు గిన్నె పట్టుకుంది. గోడ మీద నీళ్లు నిలిచిన చోట, కిటికీకి కింద, అడ్డంగా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"ఇల్లంతా నాశనం చేసిపోతే దానికి బొట్టు కూడానా అత్తా?"

"నోరు ముయ్ మే. గంగమ్మ మనింటికొచ్చి పోయింది. ఆడబిడ్డను ఉత్త చేతుల్తో పంపుతామా?"

ఆ తర్వాత ప్రతి ఏడూ సున్నం కొట్టగానే ఆ పసుపు మళ్లీ పూసేది. చూపు మందగించింది, చెయ్యి వణికేది. పట్టీ వెడల్పవుతూ వెడల్పవుతూ కిటికీ పైదాకా పాకింది. "ఏందత్తా, గంగమ్మ ఏటేటా పొడుగు పెరుగుతాందా?" అని ఎగతాళి చేసేదాన్ని. "పసుపు పైకి పోవాల గానీ కిందికి దిగకూడదు" అనేది. ఆ మాటకు నేనూ నవ్వేసేదాన్ని.

కొన్నాళ్లకు టౌనుకు కొత్త ప్లాను వేస్తున్నారని తెలిసింది. ఎండలూ వానలూ మునుపటిలా లేవు గనక, ఎక్కడ ఇళ్లుండాలో, ఎక్కడ నీళ్లకు దోవ వదలాలో మళ్లీ గీస్తారట. మంచి మాటే, కాదనను. వంకకు దోవ కావాలని మాకంటే బాగా ఎవరికి తెలుసు? అయితే ఏ వానకు నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఆ ఆఫీసులో ఎవరూ రాసిపెట్టుకోలేదు. అందుకని ఒక ఆఫీసరు టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అడిగాడు.

మా ఎదురొడ్డున ఒక ఫంక్షన్ హాలు ఉంది. దాని ఓనరు ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి. "నీళ్లా? మా గేటు తడిసిందంతే" అన్నాడట. అబ్బా, ఏం ధైర్యం! ఆ వరదకు ఆయన హాల్లోని ప్లాస్టిక్ కుర్చీలు తేలుకుంటూ మా వాకిట్లోకి వచ్చాయి. బురద కడిగి మరీ తిరిగిచ్చింది నేనే. ఆయన మాత్రం వరద పోయిన నెలకే గోడలన్నింటికీ కొత్త టైల్సు వేయించుకున్నాడు.

ఆఫీసరు మా ఇంటికొచ్చాడు. లోకం తీరు చూశాను గనక నేనూ "మోకాళ్లదాకా వచ్చినాయి సార్" అనేశాను. లోపలినుంచి మా అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"గంగమ్మ మీద అబద్ధం ఆడతావా మే? కండ్లు పోతాయి. రాప్పా, ఈడ ఉండాది చూడు."

ఆయన ఆ పట్టీ పైఅంచుకు టేపు పెట్టి కొలిచాడు. పసుపు కింద మొదలైందని, ఏటేటా పైకి పాకిందని నేను చెప్తూనే ఉన్నాను. ఆయన తలకాయ ఊపుతూ ఫోటో తీసుకున్నాడు. మా అత్త ఆయనకు చెంబెడు మజ్జిగ ఇచ్చింది. "ఈ వీధిలో నిజం చెప్పింది నువ్వొక్కదానివే అవ్వా" అని మెచ్చుకుని పోయాడు.

ప్లాను బయటికొచ్చింది. వరద ముప్పున్న చోటంతా నీలం రంగు. మా వరసంతా నీలంలో మునిగింది. ఎదురొడ్డున ఆ నీలం ఫంక్షన్ హాలు దాకా వచ్చి, మర్యాదగా వంగి, దాన్ని చుట్టుకుని పోయింది. నేను ఆఫీసుకు పోయి గొడవపడ్డాను. "వాళ్ల గోడల మీద ఆధారమేమీ లేదు కదమ్మా, మీ గోడ మీదే ఉంది" అన్నాడాయన. సిగ్గూ లేదు, శరమూ లేదు. మా వరసనంతా జేసీబీతో పడగొట్టారు. మా అత్త ఏడవలేదు. రోడ్డు మీద ట్రంకుపెట్టె పక్కన కూచుని నాపరాళ్లు కూలడం చూసింది. వంకకు వదలాల్సిన ఆ జాగాలో ఇప్పుడు మట్టి పోసి ఎత్తు చేశారు. ఫంక్షన్ హాలుకొచ్చేవాళ్లు కార్లు అక్కడ ఆపి, వంక దాటి పోతారు.

మాకు గుట్ట కింద కాలనీలో ఒక గదీ, ఒక వంటిల్లూ ఇచ్చారు. అది వరద లేని చోటని చెప్పారు. పోయిన వానకాలం గుట్ట మీది నీళ్లన్నీ మేముండే వెనక వరస మీదికే దిగాయి. ఇంట్లో పరుపులు తడిసి ముద్దయ్యాయి. రెండోనాడు ఇంకో ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు, నెమ్మదస్తుడు. నీళ్లు దిగిన ఇళ్లను చూసుకుని ఆ వెంబడే కాలవ వేయిస్తామన్నాడు. మా ఇంటి ముందు ఆగి, "నీళ్లెంతదాకా వచ్చాయమ్మా?" అనడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా అత్త గడప దగ్గరికొచ్చి నిలబడింది.

"రాలేదప్పా. చుక్క నీళ్లు గూడా రాలేదు."

ఆమె వెనకాలే గదిలో తీగ మీద తడిసిన పరుపులు ఆరుతున్నాయి. ఆయన వాటిని చూశాడు, ఆమెను చూశాడు, పక్కింటికి పోయాడు.

"కాలవ వేస్తారంట గదా అత్తా! ఎందుకట్ల చెప్పినావు?" అని అరిచాను.

"కాలవే వేస్తారో, ఇల్లే తీస్తారో, నీకు తెలుసా మే?"

నాకు తెలియదు. ఆయన వెంట పోయి నిజం చెప్పాలని చెప్పులు వేసుకున్నాను. గడప మాత్రం దాటలేదు.