ఇనుప తలుపు మీద గాజు చప్పుడు

జంషెడ్‌పూర్‌లో ఆ బ్రిటిషు కాలపు హోటల్లోనే దిగాలని మా ఆయన రవి పట్టుబట్టాడు. రాంచీ నుంచి కారులో ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. గదిలో సామాను పెట్టి భోజనానికి దిగుతుంటే, ఇనుప జాలీ తలుపున్న ఆ పాత లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. ఎదురుగా గోడ తప్ప ఏమీ కనిపించడం లేదు. మాతో పాటు పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ ఉంది.

"నాకు ఊపిరాడటం లేదు" అన్నాను. రవి ఫోనులోంచి తలెత్తలేదు.

"తెలుగోళ్లా? మాది ఈ ఊళ్లోనే, కద్మా పేట" అంటూ ఆవిడ తన లావుపాటి బంగారు గాజుతో జాలీ మీద గట్టిగా కొట్టింది. కిందనుంచి ఎవరో ఇనుము మీద తిరిగి కొట్టారు. ఆవిడ నిశ్చింతగా నేల మీద చతికిలబడింది.

"ఇప్పుడు దింపుతారా?" అని అడిగాను.

"ఏమో తల్లీ. మా ఆయన ఇక్కడి ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపేవోడు. కరెంటు పోతే పైనే ఉండిపోయి పానాతో కొట్టేవోడంట. కిందోళ్లు మళ్లీ కొట్టేవోరు. దింపడానికి కాదు, ఇన్నామని చెప్పడానికి. అది ఇనపడకపోతేనే మనిషికి బయమేత్తాది."

లిఫ్టు కదిలాక ఆవిడ కింద హాల్లో ఉన్న పెళ్లివారిలో కలిసిపోయింది. పేరైనా అడగలేదు.

ఆ హోటల్ గురించి రవి అందరికీ గొప్పగా చెబుతాడు, టేకు మంచాలనీ, ఎత్తైన పైకప్పులనీ. ఆవిడ ఊసు మాత్రం ఎత్తడు. ఇప్పటికీ మాటామాటా వస్తే గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. నేను గాజుతో ఒకసారి తలుపు మీద కొడతాను. తీయమని కాదు. ఒక్కోరోజు లోపలినుంచి బల్లమీద వేలితో కొట్టిన చప్పుడు వస్తుంది.

రాని రోజు ఇల్లంతా ఆ లిఫ్టే.