మళ్ళీ రండి అన్న అమ్మాయి

పోలండ్ నుంచి ఒక కాలేజీ అమ్మాయి తెలుగు నేర్చుకోవడానికి వస్తోందనీ, ఒక సెమిస్టరు మా ఇంట్లోనే ఉంటుందనీ తెలిసినప్పుడు అందరికంటే ఎక్కువ ఉబ్బిపోయింది నేనే. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాక, నా పాఠం వినే మనిషి పర్చూరు మొత్తంలో దొరకలేదు. మా ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పేది. ఆవిడ ముందు నుంచీ వినలేదు. ఈ అమ్మాయి అంత దూరం విమానం ఎక్కి వస్తోంది కాబట్టి వినక తప్పదనుకున్నాను.

రోజూ పొద్దున్నే వరండాలో బల్ల వేసి కూర్చోబెట్టేవాణ్ణి. మొదటి వారం ళ, ణ పలికించడంతోనే సరిపోయింది. తర్వాత సంధులకు వచ్చాను. ఆ అమ్మాయి బుద్ధిగా రాసుకునేది. పాఠం అవగానే వంటింట్లోకి వెళ్ళిపోయేది. అక్కడ తను పిన్నీ అని పిలిచే మా ఆవిడ పక్కన కూర్చుని, కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా పండుమిరపకాయల తొడిమలు తీసేది. బజారుకు వెళ్ళినా, ఆటోవాళ్ళతో పోట్లాడినా మా ఆవిడ వెంట ఆ అమ్మాయి ఉండాల్సిందే. కాలక్షేపం చేస్తోంది పాపం అనుకున్నాను.

ఒకరోజు సంధుల గురించి నేను మంచి ఊపులో ఉండగా ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"మాస్టారూ, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయండీ. పిన్ని దొడ్లో ఉంది. ముందు మీరు లేవండి."

ఒక్క తప్పు లేదు. నాకు ఆనందం పట్టలేక, ఆ వాక్యంలో క్రియ ఎంత చక్కగా కుదిరిందో వివరించడం మొదలుపెట్టాను. గురువుగారి మాట మధ్యలో కదలకూడదని ఆ అమ్మాయి నిలబడి విన్నది. పాలు పోయాయి.

మా ఆవిడ వచ్చి స్టవ్వు చూసింది. "మీరు చెప్పారూ, మేం విన్నామూ. ఇవాళ కాఫీ సంధుల్తో కలుపుకుందాం" అంది.

మా గేటు దగ్గర జరిగే పాఠం కూడా ఆవిడదే. వచ్చినవాళ్ళను గేటు దాకా సాగనంపాలి. "మళ్ళీ రండి, ఈసారి భోంచేసి వెళ్ళాలి" అనాలి. మనం వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాం" అనాలి గాని "వెళ్తున్నాం" అనకూడదు. ఆ అమ్మాయి దీన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, కొరియర్ అబ్బాయిని కూడా ఈసారి భోంచేసి వెళ్ళమనేది. ఎలా అన్నా వచ్చే మనిషి వస్తాడు, ఇవన్నీ వట్టి నమ్మకాలని నేను బల్ల దగ్గర ఒక పూటంతా ఉపన్యాసం ఇచ్చాను. ఇద్దరూ చింతపండు గింజలు తీసుకుంటూ విన్నారు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం మా ఆవిడ భోజనం చేసి పడుకుంది. మళ్ళీ లేవలేదు. అంతకుమించి దాని గురించి రాయడం నాకు చేతకాదు. రాసినవాళ్ళవి చాలా చదివాను. అవీ పనికిరాలేదు.

పరామర్శకు జనం వచ్చారు. చావింటికి వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని, చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు. వెళ్ళొస్తామని వాళ్ళు అనరు, రమ్మని మనం అనం. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న సంగతి కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పరు. నేనూ ఆ అమ్మాయికి చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం చీరాల నుంచి వచ్చిన బంధువులు లేచారు. ఆ అమ్మాయి ఏడ్చి ఎర్రబడ్డ మొహంతోనే వాళ్ళ వెనకే గేటు దాకా నడిచింది.

"వెళ్ళొస్తారా అండీ? మళ్ళీ రండి. ఈసారి భోంచేసి వెళ్ళాలి."

అందరూ ఆగిపోయారు. వాళ్ళలో పెద్దాయన ఒక కాలు చెప్పులో పెట్టి, రెండోది పెట్టడం మరిచిపోయాడు. లోపలి నుంచి మా అక్క పరుగున వచ్చింది.

"చావింటికి మళ్ళీ రమ్మంటావేంటే అమ్మాయ్? ఇంకోళ్ళు పోవాలనా?"

"పిన్ని ఎప్పుడూ ఇట్టాగే అనమంది కదండీ."

"అది మామూలు రోజుల్లో తల్లీ."

అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక కుర్చీలో ముందుకు వంగిపోయాను. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాననుకుని ఎవరో వచ్చి వీపు నిమిరారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పక్కవాళ్ళ తప్పులు దిద్దినవాణ్ణి, ఆ ఒక్కటి వదిలేశాను.

ఆ "మళ్ళీ రండి" మా ఆవిడది. "రండి" దగ్గర కాస్త సాగదీయడం, "భోంచేసి" అన్నప్పుడు బెదిరిస్తున్నట్టు గొంతు పెంచడం, అన్నీ ఉన్నాయి. ఆవిడ గొంతు నేను ఏ ఫోనులోనూ దాచుకోలేదు. ఈ అమ్మాయి మాట్లాడుతున్నన్నాళ్ళూ ఆ మాట తీరు ఇంట్లో ఉంటుందని అప్పుడే తట్టింది.

అక్కకు ఇంకోటి తట్టింది.

"పెద్దకర్మ కాగానే ఆ పిల్లని గుంటూరు హాస్టల్లో చేర్పించరా. ఆడమనిషి లేని ఇంట్లో ఎట్టా ఉంటది?"

మాట సబబే. కాదనడానికి నా దగ్గరున్న కారణం పైకి చెప్పుకునేది కాదు.

"సంధులు ఇంకా పూర్తి కాలేదక్కా" అన్నాను.

"నీ సంధులు నీ పెళ్ళామే విన్లేదురా."

పైగా, గేటు దగ్గర తిట్లు తిన్నాక ఆ అమ్మాయి జాగ్రత్తపడింది. మళ్ళీ ఏం తప్పు దొర్లుతుందోనని వంటింటి తెలుగు మానేసి, నేను నేర్పిన తెలుగు పట్టుకుంది. "మాస్టారూ, మీరు ఇప్పుడు భోజనం చేస్తారా?" అని అడిగేది. ళ, ణ రెండూ ఎక్కడా తప్పేవి కావు. ఇన్నాళ్ళకు నా పాఠం నెగ్గింది. అది అంత చప్పగా ఉంటుందని నాకు తెలియదు.

పెద్దకర్మ మర్నాడు ఆటో వచ్చింది. ఆ అమ్మాయి పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. ఏదో అనబోయి, పక్కన అక్కను చూసి నోరు మూసుకుంది. నేర్చుకున్న ప్రకారం ఏమీ అనకుండా మెట్లు దిగింది. ఇవన్నీ వట్టి నమ్మకాలని ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి, నేనైనా మళ్ళీ రమ్మనొచ్చు. అక్క వైపు చూసి నేనూ ఊరుకున్నాను. గేటు దాకా మాత్రం వెళ్ళాను.

ఆటో వెనక సీటు నిండా మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తా ఒకటి ఉంది.

"బస్టాండు దాకా నా పక్కన ఈ కమ్మీ మీద సర్దుకోండి మేడం" అన్నాడు డ్రైవరు.

ఆ అమ్మాయి పెట్టె రోడ్డు మీద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏం బాబూ, మిరపకాయలకేమో సీటూ, మనుషులకేమో కమ్మీనా? మీ అమ్మనయితే ఇట్టాగే ఎక్కిస్తావా? దించు ముందు."

"కింద పెడితే కాయ నలుగుద్ది మేడం."

"నలిగితే కారమన్నా అవుద్ది. నేను నలిగితే ఎందుకు పనికొస్తా? దించు."

వెనక నుంచి అక్క వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. ఆమెకూ ఆ గొంతు వినబడింది. డ్రైవరు చూడబోతే ఒప్పుకునేటట్టే ఉన్నాడు. వాడు ఇంకాసేపు మొండికేస్తే బాగుండునని నేను గేటు పట్టుకుని నిలబడ్డాను.