హనుమాయమ్మ చేతి చిటికెడు

మా ఊళ్ళో ఒక మాట తిరిగేది. హనుమాయమ్మ తన కూలి ముఠా ఆడవాళ్ళకి మందు పెట్టిందట. పక్క చేలో ఎక్కువ కూలి ఇస్తామన్నా వాళ్ళు కదలరట. పొద్దున్నే ఆమె ఆటో హారన్ వినపడితే జ్వరంతో పడుకున్నది కూడా లేచి కూర్చుంటుందట. "తన చేత్తో నోట్లో పెడుతుంది. నా కళ్ళతో చూశా" అని రచ్చబండ దగ్గర ప్రమాణం చేసేవాళ్ళు.

చూసిన మాట నిజమే. నేనూ చూశాను. తొమ్మిదో తరగతిలో బడి మానేశాక ఆ ముఠాలోనే మిరపకాయల కోతకి వెళుతున్నాను.

కాయ కోసే చేతికి కారం గోళ్ళ సందుల్లోకి దిగుతుంది. సబ్బుతో కడిగినా పోదు. ఆ చెయ్యి కంటికి తగిలితే ఆ పూట పని పోయినట్టే. మొహం మీద ఈగ వాలినా మోచేత్తోనే తోలుకుంటాం. హనుమాయమ్మ మేస్త్రి కాబట్టి కాయ ముట్టేది కాదు. సాళ్ళు పంచడం, మంచినీళ్ళు పోయడం, బస్తాలు కుట్టించడం ఆమె పని. మా అందరిలో కారం అంటని చేతులు ఆమెవే.

చీకటితో బయల్దేరతాం కాబట్టి ఎండెక్కేసరికి కడుపు నకనకలాడేది. క్యారేజీ విప్పే వేళ ఇంకా అయ్యేది కాదు. అప్పుడు ఆమె పొగాకులో సున్నం వేసి అరచేతిలో నలుపుకుంటూ సాలు వెంట వచ్చేది. పసిపిల్లలు గోరుముద్దకి తెరిచినట్టు అందరూ నోళ్ళు తెరిచేవాళ్ళు. చిటికెడు బుగ్గలో పెట్టి, గడ్డం తట్టి, ముందుకు సాగేది. నేను తల అడ్డంగా ఊపితే మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

కాసేపటికి చేలో కళ వచ్చేది. వంగిన నడుములు తేలికయ్యేవి, చేతులు చకచకా ఆడేవి, నసీమున్నీసా హాస్యాలు మొదలయ్యేవి. ఆ హుషారు ఎక్కువసేపు నిలిచేది కాదు. ఆవులింతలు వచ్చేవి, ఊరికే కసురుకునేవాళ్ళు, కళ్ళు మళ్ళీ హనుమాయమ్మ కోసం వెతికేవి.

మా ముఠాలో నాగజ్యోతికి ఆరో నెల వచ్చినప్పుడు స్కానింగ్ కాగితం చదివిపెట్టమని నన్ను కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. హనుమాయమ్మ తోడు వచ్చింది. నర్సు సిద్దికా గారు కాగితం చూసి, నాగజ్యోతి మొహం చూశారు.

"బిడ్డ నెలకి తగ్గట్టు ఎదగలేదమ్మా. బుగ్గలో ఏంటది?"

"ఏం లేదండి. ఆకలి తెలియకుండా కాస్త పొగాకు."

"ఎవరు నేర్పారు?"

"ఒకళ్ళు నేర్పేదేముందండి, నేనే నేర్చుకున్నా."

పక్కన నిలబడ్డ హనుమాయమ్మ కుడిచెయ్యి కొంగు కిందకి పోయింది.

సిద్దికా గారు కోప్పడలేదు. కూర్చోబెట్టి చెప్పారు. బుగ్గ లోపలి చర్మం పల్చన. పొగాకులోని నికోటిన్ అక్కణ్ణుంచి నెత్తుట్లో కలిసి చూస్తుండగానే మెదడుకి చేరుతుంది. అక్కడ హాయి పుట్టిస్తుంది, గుండెని పరుగెత్తిస్తుంది, ఆకలిని అణిచేస్తుంది. "ఆకలి తీరలేదు తల్లీ, తెలియలేదంతే. అలసటా అంతే. ఆ మత్తు దిగిపోగానే మెదడు మళ్ళీ కావాలని పోరు పెడుతుంది. పైగా అది రక్తనాళాల్ని బిగిస్తుంది. కాలవ సన్నబడితే చివరి మడికి నీళ్ళు అందవు కదా. నీ చివరి మడి ఈ బిడ్డే. ఇప్పుడు మానినా మేలే."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో హనుమాయమ్మ ఒక్కటే అడిగింది. "కదులుతోందా?" కాసేపాగి మళ్ళీ అదే అడిగింది.

మర్నాడు సాలు వెంట బెల్లం ముక్కలు, వేయించిన శనగలు పట్టుకొచ్చింది.

"ఏంటత్తా, పెదకాకాని గుడి ప్రసాదమా?" అంది నసీమున్నీసా.

"తిను. ఇక నా చేత్తో అది పెట్టను."

"అలవాటు చేసిందీ నువ్వే, నీతులు చెప్పేదీ నువ్వే!"

ఆ తర్వాతి రోజులు చెడ్డగా గడిచాయి. తలనొప్పులు, చిరాకులు, గొడవలు. కొందరు వేరే ముఠాలోకి వెళ్ళిపోయారు. చేను కోటేష్‌ది. ఆయన గట్టు మీద నిలబడి అరిచాడు. "ఏమ్మా హనుమాయమ్మా, నీ జనం కోస్తున్నారా, కునుకుతున్నారా? కాయ చెట్టు మీదే రంగు పోయి తాలయ్యేట్టుంది. ఆ పొగాకేదో నేనే తెప్పిస్తా, పెట్టు!"

"వద్దు బాబూ."

"అయితే వేరే ముఠాని చూసుకుంటా."

"చూసుకో బాబూ."

ఆయన బెదిరింపుకి నిలబడింది కానీ నాగజ్యోతి ముందు తడబడింది. "ఒక్కసారి పిన్నీ. తల పగిలిపోతోంది. రేపట్నుంచి అడగను, ఒట్టు" అని ఆ పిల్ల ఏడ్చింది. హనుమాయమ్మ చెయ్యి బొడ్లోని పొగాకు సంచి మీదకి పోయింది. సంచి మూతి వదులైంది. నేను పక్క సాల్లోంచి చూస్తూనే ఉన్నాను.

ఉన్నట్టుండి సంచి మళ్ళీ దోపుకుని, పండు కాయల కుప్పలో రెండు చేతులూ ముంచింది. గుప్పెట్లతో నలిపింది. తర్వాత మనిషి లేని సాలు చూసుకుని వంగి కోత మొదలుపెట్టింది.

"ఇప్పుడు అడుగు. ఈ చేత్తో పెట్టమంటావా?"

నాగజ్యోతి వెక్కిళ్ళ మధ్యే నవ్వింది. హనుమాయమ్మ కళ్ళు కారుతున్నాయి. తుడుచుకునే వీల్లేదు.

ఆనాటి నుంచి పొద్దున చేలో దిగగానే మాతో పాటు ఆమె కూడా కాయ కోసింది.

ఎండాకాలంలో నాగజ్యోతికి ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువే, కానీ పాలు బాగా తాగుతోందని సిద్దికా గారు అన్నారు. హనుమాయమ్మ చూడటానికొచ్చి గడప బయటే ఆగిపోయింది.

"ఎత్తుకో పిన్నీ."

"కారం చేతులే, వద్దులే."

అప్పటికి కోతలు ముగిసి నెల దాటింది.

ముఠా సగమైంది. ఎవరో విరుగుడు చేయించారని, హనుమాయమ్మ పెట్టిన మందు విరిగిందని ఊళ్ళో ఇప్పుడు చెప్పుకుంటున్నారు. ఆమె బుగ్గలో మొదటి చిటికెడు పొగాకు పెట్టింది వాళ్ళమ్మ. ఇలాంటి మిరప చేలోనే, పదకొండేళ్ళప్పుడు, ఆకలికి ఏడుస్తుంటే. హనుమాయమ్మ ఇప్పటికీ మానలేకపోయింది.