ఒక్కడు, పద్నాలుగు సీట్లు

"నేను ఒక్కణ్ణే పద్నాలుగు సీట్లల్ల కూసున్ననట తమ్మీ. ఒకటే ఇమానం, ఒకటే రోజు. మనిషన్నోడు గట్ల కూసుంటడా? ఈ ఫోను కూసుంటడంటది. పైంగ గోల్డ్ మెంబరంటది. థూ!"

జకర్యా ఫోన్‌ని మంచం మీద నా ముందుకు తోశాడు. తెర మీద బంగారు రంగు కార్డు బొమ్మ. దాని మీద ఆయన పేరు, కింద లక్షా ముప్పై ఎనిమిది వేల పాయింట్లు. ఆ కింద ఇంకో వాక్యం: మీరు మాతో భూమిని అయిదుసార్లు చుట్టి వచ్చారు, అభినందనలు.

"భూమినట," అంది ఇన్నమ్మ, జకర్యా భార్య, గడప దగ్గర కూర్చుని జొన్నపిండి కలుపుతూ. "భద్రాచలం సంతకు తోలుకపొమ్మంటే మోకాళ్ల నొప్పులంటడు. భూమిని చుట్టొచ్చిండట!"

సారపాకలో జకర్యా అని అడిగితే ఏ జకర్యా అంటారు. అద్దం జకర్యా అంటే కాగితం మిల్లు వెనక లైనులో మూడో ఇల్లు చూపిస్తారు. ఆయన వెల్డర్. మిల్లు బాయిలర్ లోపల గొట్టాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. వాటి వెనక్కి చెయ్యి దూరుతుంది గానీ తల దూరదు. అక్కడ చిన్న అద్దం ఆనించి, అందులో తిరగబడి కనిపించే మంటను చూస్తూ అతుకు వేయాలి. వాళ్ల నాయన అడవి నుంచి మిల్లుకు వెదురు తోలిన మనిషి. కొడుకు పంతొమ్మిదో ఏట మిల్లులో వెల్డర్లకు కేబుల్ మోసే పనికి కుదిరాడు. పని ఎవరూ నేర్పలేదు. అందరూ అన్నానికి పోయినప్పుడు తుక్కు గొట్టాల మీద తనే నేర్చుకున్నాడు.

"అద్దం ఎవరిదో చెప్పడు సూడు," అంది ఇన్నమ్మ. "పెండ్లికి మా అమ్మ పెట్టింది. పలగ్గొట్టి ముక్క తీస్కపోయిండు. గప్పటి సంది నా మొకం నేను సక్కగ సూసుకోలే."

"సూసుకోని ఏం జేస్తవ్?"

"నిన్ను కట్టుకున్నందుకు ఏడుస్త."

దేశంలో మిల్లులన్నీ ఏడాదికొకసారి బాయిలర్ ఆపి రిపేర్లు చేయించుకుంటాయి. దాన్ని షట్‌డౌన్ అంటారు. ఆ పదిహేను ఇరవై రోజుల పనికి సారపాక, పాల్వంచ, టేకులపల్లి తండాల నుంచి పద్నాలుగు మంది గ్యాంగు పోయేది. మేస్త్రి జకర్యా. మొదట్లో రైళ్లే. మిల్లు ఆగిన ప్రతి రోజూ నష్టమే కాబట్టి పదేళ్లుగా కంట్రాక్టర్లు విమానం ఎక్కిస్తున్నారు.

ఆ గ్యాంగుకు ఒక కట్టుబాటు ఉంది. పరాయి ఊళ్లో ఎవరు ఏ కాగితం నింపినా ఫోన్ నంబరు దగ్గర మేస్త్రి నంబరే రాయాలి. ఒకసారి గ్యాంగులోని సీతయ్యకు జ్వరం ముదిరితే దవాఖానా వాళ్లు వాళ్లింటికి ఫోన్ చేసి హిందీలో ఏదో చెప్పారు. ముసలి తల్లికి అర్థం కాలేదు. కొడుకు పోయాడనుకుని రెండు రోజులు గుండెలు బాదుకుంది. ఆనాటి నుంచి అందరికీ ఒకటే నంబరు. గేటు పాసుకు అదే, లాడ్జికి అదే. ఎయిర్‌పోర్టు లైనులో ఒక అమ్మాయి నవ్వుతూ ఫారాలు పంచి, మెంబరయితే పాయింట్లొస్తాయి, ఊరికేనే అన్నప్పుడు పద్నాలుగు మందీ నింపారు. పద్నాలుగు ఫారాల మీదా జకర్యా నంబరే.

తర్వాత ఆ విమానాల కంపెనీ యాప్ తెచ్చింది. ఒక నంబరుంటే ఒక మనిషే ఉంటాడని దానికి నమ్మకం. పద్నాలుగు కార్డులనూ కలిపి జకర్యాను చేసింది. అప్పటి నుంచి ఆయన ఫోన్‌కు పుట్టినరోజు శుభాకాంక్షలు, పాయింట్లతో కొనుక్కోమని కాఫీ మిషన్ల బొమ్మలు, గోల్ఫ్ ఆడేవాళ్ల టోపీల బొమ్మలు వస్తూనే ఉన్నాయి.

"పెట్టుకో, గా టోపీ పెట్టుకోని బాయిలర్ల దూరు," అని ఇన్నమ్మ వాటిని తుడిచేసేది.

చూపు మందగించి పోయినేడు జకర్యా పనికి పోవడం మానేశాడు. గ్యాంగు మానలేదు, నంబరూ మారలేదు. అందుకే మూడు రోజుల కిందట గౌహతి దవాఖానా వాళ్లు ఫోన్ చేసింది జకర్యాకే. గ్యాంగులో గ్రైండర్ పని చేసే తుల్సీరాం పరంజా మీంచి జారిపడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. మంచం మీద తిప్పడానికి, కడగడానికి ఇంటి మనిషి ఒకరు కావాలన్నారు. గ్యాంగు పగలూ రాత్రీ బాయిలర్‌లో ఉంది. రైలుకు వెయిటింగు లిస్టు రెండు వందలు దాటింది, దొరికినా మూడు రోజుల దారి. అప్పటికప్పుడు విమానం టికెట్ అంటే తండాలో ఎవరికీ అందే మాట కాదు.

తుల్సీరాం భార్య ద్వాలి ఆ పొద్దున్నే టేకులపల్లి అవతలి తండా నుంచి వచ్చి, ఆధార్ జిరాక్స్ ఇచ్చి, మేకలను ఎవరికైనా అప్పజెప్పాలని వెంటనే తిరిగిపోయింది. ఆమెకు ఫోన్ లేదు. తండాలో సిగ్నలూ లేదు. ఎల్లుండికల్లా ఆమెను గౌహతి చేర్చాలి. జకర్యా చేతిలో ఉన్నవి ఈ పాయింట్లే.

నేను మోటార్లు బాగుచేసే మనిషిని. ఫోన్లో ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతానని నన్ను పిలిచారు.

పాయింట్లు వాడేముందు జకర్యా పదమూడు మందినీ అడిగాడు. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్. అందరూ సరేనన్నారు. గోపాలు మాత్రం, "నాకు పాయింట్లున్నయా? గిన్నేండ్లు చెప్పలేదేంది మేస్త్రీ? సరే, ద్వాలిని పంపు. మిగిల్తే నాకో టోపీ తెప్పియ్," అన్నాడట.

నేను ద్వాలి పేరు ఎక్కించబోయాను. చుట్టాల పేర్లకు మాత్రమే చోటుంది. పైగా కొత్త పేరు చేరిస్తే పది రోజుల దాకా టికెట్ రాదు. ఇంకోసారి నొక్కితే 'అయ్యో! ఏదో పొరపాటు జరిగింది' అని వచ్చింది.

"ఏం పొరపాటు?" అన్నాడు జకర్యా.

"అది చెప్పదన్నా."

"చెప్పదా! నేనేసిన జాయింటు లీకయితే, ఏదో లీకయింది సారూ అని ఇంటికొస్తే ఊకుంటరా? ఏ గొట్టం, ఏ వరస, ఎంత బొక్క, అన్నీ చెప్పాలె. బంగారు కార్డు ఇచ్చెటోనికి బొక్క యాడుందో తెల్వదు!"

ఇక కంపెనీ నంబరుకు ఫోన్ చేయడమే మిగిలింది. స్పీకర్ పెట్టి పాతిక నిమిషాలు సన్నాయి పాట విన్నాం. ఆ పాట నడుస్తుండగానే జకర్యా అన్నాడు, ఉన్న మాట చెప్పేస్తానని.

నేను అడ్డం పడ్డాను. "అన్నా, పద్నాలుగు మంది పాయింట్లు ఒక్కరి దాంట్లో ఉన్నాయంటే మొత్తం ఆపేస్తారు. అన్ని ప్రయాణాలూ నేనే చేశాననండి, అంతే."

"సత్తెవంతుడు," అంది ఇన్నమ్మ పిండి చేతుల్తోనే లేచి. "ఆడ తుల్సీరాం పక్కమీద పుండయి పడుండాలె, ఈడ నువ్వు సత్తెం చెప్పాలె. ఆదివారం చర్చిల చెప్పుకో, బుధవారం ఎందుకు?"

"నా జాయింటుకు ఎక్స్‌రే తీస్తరు. తీయకముందే, ఈడ బాగలేదని నేనే సుద్దముక్కతోటి గీత గీస్త. గియ్యకపోతే లోపల మనిషి సస్తడు. ముప్పయ్యేండ్లు గట్లనే చేసిన. గీ టోపీలోళ్లకు భయపడి మార్సుకోవాల్నా?"

పాట ఆగింది. ఒక అమ్మాయి గొంతు: "నమస్కారం జకర్యా గారూ, మా గోల్డ్ సభ్యులైన మీతో మాట్లాడటం సంతోషంగా ఉంది."

"అమ్మా, ముందుగాల ఒక మాట. గా పాయింట్లు నా ఒక్కనియి కావు. పద్నాలుగు మందియి. అందరం నా నంబరే రాసినం."

"అర్థమైంది సార్. మీ అభిప్రాయం నమోదు చేశాను. మీకు ఎలా సహాయపడగలను?"

"అభిప్రాయం కాదమ్మా. నేను చెప్పేది ఏందంటే, గన్ని సీట్లల్ల నేను కూసోలే."

"తప్పకుండా సార్. సీటు సౌకర్యంగా లేనందుకు చింతిస్తున్నాం. ఎవరికి టికెట్ కావాలి సార్?"

ఇన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను తల దించుకున్నాను. జకర్యా బాణోత్ ద్వాలి అని చెప్పాడు.

"ఆమె మీకేమవుతారు సార్?"

"మా తుల్సీరాం భార్య."

"తుల్సీరాం గారు మీకేమవుతారు?"

"గ్రైండర్."

అటువైపు టకటకమని చప్పుడు. "కజిన్ అని పెడుతున్నాను సార్. మామూలుగా పది రోజులు పడుతుంది, మీరు గోల్డ్ కాబట్టి ఇప్పుడే చేస్తాం."

"కజిన్ కాదు, గ్రైండర్. అమ్మా, మల్ల చెప్తున్న. గా పాయింట్లు పద్నాలుగు మందియి."

"నమోదు చేశాను సార్. ఇంకేమైనా సహాయం చేయగలనా?"

ఫోన్ పెట్టేశారు. ఆ వెంటనే టికెట్ వచ్చింది. ఎల్లుండి పొద్దున ఆరూ పదికి, హైదరాబాద్ నుంచి గౌహతికి. పేరు సరిగ్గానే ఉంది. నేను రెండుసార్లు చదివాను.

జకర్యా మొహంలో మాత్రం సంతోషం లేదు. ఎవరో చెంప మీద కొట్టినట్టు కూర్చున్నాడు. "రెండుసార్లు ఒప్పుకున్న. ఒక్కసారన్న ఇన్నదా? ఈసారి తిట్టినా ధన్యవాదాలంటది. గోడకు చెప్పినా గోడ గంత మర్యాదగ ఊకుండదు."

"ఇన్నట్టయితే టికెట్టొస్తుండెనా?" అంది ఇన్నమ్మ. "సెవుడు గాబట్టే పనయింది. లెయ్యి, పొయ్యి రాజెయ్యి, రొట్టెలు కాల్వాలె."

తుల్సీరాంకు అక్కడి తిండి గొంతు దిగడం లేదని సీతయ్య చెప్పాడట. పాతిక జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి ఇన్నమ్మ నా చేతికిచ్చింది, మిరపకాయ పచ్చడి సీసాతో సహా. ద్వాలికి ఇవ్వడానికి కాగితం మీద నేను విమానం టైమూ, నంబరూ పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. బండి తిప్పుతుంటే జకర్యా వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఇను తమ్మీ. జల్దీ పో. పొద్దుగూకకముందు తండా చేరాలె. ద్వాలికి మంచిగ చెప్పు. రొట్టెలు చేతి సంచిల, పచ్చడి సీసా పెద్ద బ్యాగుల. రేపు రాత్రి హైదరాబాద్ దాక మన లైనుల ఉండే సమ్మయ్య తోలుకపోతడు, గౌహతిల సీతయ్య నిలబడి ఉంటడు. ఎయిర్‌పోర్టుల, మనం గోల్డోళ్లమని సోఫాల గదిలకు రమ్మంటే సిగ్గుపడొద్దు, పోయి కడుపునిండ తినమను. అది పద్నాలుగు మంది తిండి. ఇంగొకటి, మర్సిపోకు. ఆడ దవాఖానాల ఏ కాగితం ఇచ్చినా ఏలిముద్ర పెట్టమను. ఫోన్ నంబరు అడిగితే మాత్రం నాదే రాయించమను."