రాళ్ళేరిన సైన్యం

వేంపల్లె సంతలో చెనక్కాయల బస్తాలు దించుకుంటుంటే మా ఊరి మనిషి ఒకడు ఎదురొచ్చి, "హవల్దారు మామ బండి ఆపి రోడ్డు పక్కన కూర్చున్నాడంట" అన్నాడు. అంతే అన్నాడు. మిగతాది నేను అడగలేదు. ఆయన కూర్చోవడం మా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. బస్తాలు అక్కడే ఎవరికో అప్పజెప్పి నడవడం మొదలుపెట్టాను. బండి కట్టుకుని పోవచ్చు కదా అని సగం దారిలో గాని తోచలేదు.

ఇది జరిగి ఎన్నో రోజులు కాలేదు. కుదురుగా కూర్చుని ఆయన గురించి రాద్దామంటే కుదురే దొరకడం లేదు. నాలుగు మాటలు రాస్తున్నాను, లేచి వాకిట్లోకి పోయి వస్తున్నాను. మా అమ్మ విసుక్కుంటోంది. ఆయన జబ్బు నాకు అంటుకుందేమో. చదివేవాళ్ళు కొంచెం ఓర్చుకోవాలి.

హవల్దారు మామ జట్కా తోలేవాడు. మా ఊరికీ వేంపల్లెకూ మధ్య ఆయన గుర్రం మువ్వలు వినబడని పూట ఉండేది కాదు. బండిలో జనం ఎక్కేవాళ్ళు, ఆయన మాత్రం పక్కన నడిచేవాడు. ఎగువ వచ్చినప్పుడు గుర్రానికి బరువవుతుందని దిగితే ఒక అర్థం ఉంది. దిగువలో కూడా నడిచేవాడు. అన్నం నిలబడి తినేవాడు. చెంబెడు నీళ్ళు తాగుతూ వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగేవాడు. ఆయన భార్య, మేమంతా అత్తా అని పిలిచే ఆవిడ, "పెండ్లిపీట మింద గూడా మధ్యలో లేసి గుర్రానికి మేతేసొచ్చినాడు మీ మామ" అని నవ్వేది. నమాజుకు తప్ప ఆ మోకాళ్ళు నేలకు తగలవని ఊరంతా అనుకునేది. అది పూర్తిగా నిజం కాదని తరువాత మాకు తెలిసింది.

"యాడికి పోతాండావు మామా?" అని అడిగితే ఆయన జవాబు ఒకటే. "యాడికీ లేదబ్బీ. కాళ్ళు పోదామంటాండాయి. తోడు పోతాండా."

పెద్ద యుద్ధం కాలంలో ఆయన పల్టన్లో పనిచేశాడు. కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు కవాతు నేర్పే ఉస్తాదు. యుద్ధం కథలు చెప్పమని మేము వెంటబడితే బూట్లు కరవడం గురించి, కాలి బొబ్బల గురించి చెప్పి మా ఉత్సాహం మీద నీళ్ళు చల్లేవాడు. తుపాకీ మాటే ఎత్తేవాడు కాదు.

ఇక మా ఊరి సంగతి చెప్పాలి, లేకపోతే ఆయన చేసింది ఏమిటో తెలియదు. మాది రెండు వీధుల ఊరు. పైవీధి ఒక కట్టు, కిందివీధి ఒక కట్టు. ఎందుకు విడిపోయారో చెప్పగలిగిన వాళ్ళు చచ్చిపోయారు, పగ మాత్రం బతికే ఉంది. మాది పైవీధి. నా చిన్నప్పుడు జరిగిన ఒక కొట్లాటలో మా నాయన కుడిచేయి దెబ్బతిన్నది. చేయి ఉంది గాని ముద్ద ఎత్తదు. మూడు పూటలా మా అమ్మే కలిపి తినిపిస్తుంది. ఆ కొడవలి విసిరింది కిందివీధి ఓబులేసు వాళ్ళ నాయన. ఓబులేసుది నా ఈడే. దారిలో ఎదురైతే ఇద్దరం చెరో పక్కకు తిరిగి ఉమ్మేవాళ్ళం. అదే మా పలకరింపు. "ఆ ఇంటోళ్ళ ముందర నువ్వు వంగిన దినం ఈ ఇంట్లో కూడు లేదు నీకు" అని మా అమ్మ చెప్పి ఉంచింది.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా బడి పంతులుకు ఒక ఊపు వచ్చింది. మనకొక రాష్ట్రం వచ్చింది, మనూళ్ళో ఒక నాటకం అన్నా ఆడాలి అన్నాడు. ఏ రాజు కథ తీసుకున్నా ఆయన మావాడంటే మావాడని తగువు పడతారని, ఏ పటంలోనూ లేని మణిశిలా సామ్రాజ్యాన్ని తానే పుట్టించాడు. దాని మీదికి ఉత్తరపు రాజు దండెత్తి వస్తాడు, ఓడిపోతాడు. పంతులు చాలా తెలివిగా ఆలోచించి, రెండు వీధులూ ఒకచోట కలిస్తే గొడవని, సామ్రాజ్యపు సైన్యం పైవీధికి, ఉత్తరపు సైన్యం కిందివీధికి ఇచ్చేశాడు.

మొదటి రోజు యుద్ధం చూడాల్సిందే. చెక్కకత్తులు తగిలీ తగలకముందే పంతులు "ఉత్తరపు సైనికులు పడాలి, పడండి" అని అరిచాడు. ఒక్కడూ పడలేదు.

"మేమెందుకు పడల్ల? వాళ్ళనే పడమను" అన్నారు కిందివీధి వాళ్ళు.

"కథలో ఉందప్పా, మీరు ఓడిపోవాలి."

"కథ మార్సు అయ్యోరా."

కథ మార్చితే మేము ఊరుకుంటామా? పొద్దు గుంకేదాకా యుద్ధం సాగింది. చచ్చినవాళ్ళు లేరు. బొప్పి కట్టినవాళ్ళు మాత్రం రెండు పక్కలా ఉన్నారు. పంతులు తల పట్టుకుని హవల్దారు మామ దగ్గరికి పోయి, "ఈ సామ్రాజ్యాన్ని నువ్వే కాపాడాలి" అన్నాడు.

మామ వచ్చి మమ్మల్ని ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. రెండు సైన్యాలనూ కలగలిపి మళ్ళీ పంచాడు. ప్రతి సైన్యంలో రెండు వీధుల వాళ్ళూ వచ్చారు. తరువాత జతలు కట్టాడు. కొట్టేవాడు ఒక వీధి, పడేవాడు ఇంకో వీధి. నన్ను ఉత్తరపు సైన్యంలో వేసి, ఓబులేసు చేతిలో చావమన్నాడు. ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా మామా అని అడగబోయాను. ఆయన అప్పటికే అవతలి కొసకు నడిచిపోయాడు.

వంకలో మెత్తటి ఇసుక ఉంటే అది వదిలి, ఊరి బయట రాళ్ళబీడులో నేర్పుతానన్నాడు. మా పక్క బీడు అంటే ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మట్టి కంటే రాయి ఎక్కువ. "ఇసకలో యావడైనా పడతాడు. ఈడ పడు, నువ్వు సిపాయివి" అన్నాడు.

అప్పుడు చెప్పాడు తన పద్ధతి. పడేవాడు నేల వైపు చూడకూడదు. వాడి పని ధైర్యంగా పడడం. నేల చూడాల్సింది కొట్టేవాడు. రోజూ కత్తి పట్టకముందు, కొట్టేవాడు మోకాళ్ళ మీద కూర్చుని, ఎదుటివాడు పడే చోట ఉన్న రాళ్ళన్నీ తన చేత్తో ఏరిపారేయాలి.

ఓబులేసు కత్తి కింద పడేశాడు. "నేను వాని ముందర మోకాళ్ళేసి రాళ్ళేరల్నా?"

మామ ఆగాడు. ఆయన ఆగడమే మాకు వింత. "వాడు నీ ముందర సస్తాండాడప్పా. నువ్వు రాళ్ళేరలేవా?"

ఓబులేసు మోకాళ్ళు వంచలేదు. కిందివీధి వాళ్ళు వాడి మొహం చూస్తున్నారు, పైవీధి వాళ్ళం మేమూ చూస్తున్నాం. మామ వచ్చి, నా ముందర మోకాళ్ళు వేసి, తానే ఒక రాయి తీసి పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు. ఓబులేసు ఉమ్మేసి కూర్చున్నాడు. ఏరాడు. ఏరినంతసేపూ నన్ను తిట్టాడు. నేనూ ఊరుకోలేదు. కాని ఆ రోజు నేను పడితే ఒంటికి ఒక్క గులకరాయి గుచ్చుకోలేదు.

పోయిన మనుషుల గురించి రాస్తూ వాళ్ళను దేవుళ్ళను చేయడం నాకు చేతకాదు. ఆయన మోటు మనిషి. తప్పు అడుగు వేస్తే పిక్కల మీద సన్నటి బర్రతో కొట్టేవాడు. చలికాలపు పొద్దున బీడు చుట్టూ పరుగెత్తించేవాడు. "మామా, లేని సామ్రాజ్యానికి ఇంత కవాతు ఎందుకు?" అని ఎవరో అడిగితే, "సామ్రాజ్యం లేకపోతే పోనీ, మీ ఎముకలుండాయి గదా" అన్నాడు. ఒక్కసారి మాత్రం, గుర్రానికి నీళ్ళు పెడుతూ నాతో అన్నాడు: "పల్టన్లో నా చేతికింద ఒక పిల్లోడు పడినాడబ్బీ. యుద్ధంలో కాదు, నేర్సుకునేటప్పుడే. ఆడ రాయి ఉండాది. నేను సూసుకోలా." ఆ మాట చెప్పి బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఆయన కాళ్ళు ఎక్కడికి పోదామంటున్నాయో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది.

ఎవరో మా అమ్మ చెవిన వేశారు, నీ కొడుకు ఓబులేసు కత్తికి రోజూ చస్తున్నాడని. చీర కొంగు బిగించుకుని బీడు మీదికి వచ్చింది. నన్ను రెక్క పట్టి లాక్కుపోవడానికే వచ్చింది, ఆ నడకలోనే తెలుస్తోంది. మామ అడ్డం పోలేదు. "సూడు సెల్లెలా" అని మాత్రం అన్నాడు. అప్పటికి ఓబులేసు మోకాళ్ళ మీద ఉన్నాడు. నేను పడే చోట మట్టిని అరచేత్తో తడిమి, సగం పూడిన ఒక రాయిని గోళ్ళతో పెకలిస్తున్నాడు. మా నాయన మీద కొడవలి విసిరినవాని కొడుకు. మా అమ్మ చూసింది. కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక్కి తిరిగి పోయింది. ఆ రాత్రి అన్నం పెట్టింది. మా నాయనకు తినిపిస్తూ, "ఆ పిల్లోనికి గోళ్ళు పోతాయి" అంది ఎవరితోనో అన్నట్టు.

నాటకం రోజు వచ్చేసరికి ఊళ్ళో గాలి మారింది. కిందివీధి కత్తుల్లో ఒకటి చెక్కది కాదంట అని పుకారు పుట్టింది. ఆ ఒకటి ఎవరి చేతిలోదో ఎవరూ చెప్పకపోయినా అందరూ నా వైపే చూశారు. చెక్కకత్తులన్నిటికీ తగరం కాగితం అంటించారు, ఏది ఏదో దూరం నుంచి తెలియదు. మామ దగ్గరికి పోయి చెప్పాను.

"కత్తి సూడొద్దు" అన్నాడు. "వాని కండ్లు సూడు. వాడు నిన్ను సూస్తే పరిగెత్తు. నేలను సూస్తే పడు."

పొద్దు గుంకగానే బడి ముందర పెట్రోమాక్సు లైట్లు వెలిగించారు. పైవీధి ఒక పక్క, కిందివీధి ఒక పక్క కూర్చున్నాయి. యుద్ధం మొదటి అంకంలోనే. సామ్రాజ్యపు సైన్యం ఒకవైపు నుంచి, మేము ఇంకోవైపు నుంచి వచ్చి ఎదురుబొదురు నిలబడ్డాం. చక్రవర్తి వేషం వేసిన మనిషి "సంహరించండి!" అని గర్జించాడు. ఓబులేసు కత్తి పైకెత్తాడు. నేను వాడి కండ్లే చూస్తున్నాను. ఆ కండ్లు కిందికి దిగాయి. నేలను చూశాయి. కత్తి చంకలో పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు.

అది ఊడ్చి అలికిన అరుగు. ఒక్క రాయి లేదు. అయినా వాడు ఏరాడు. వాడిని చూసి పక్కవాడు కూర్చున్నాడు, వాడిని చూసి ఇంకొకడు. మణిశిలా సామ్రాజ్యపు సైన్యం మొత్తం, చక్రవర్తి చూస్తుండగా, శత్రువుల కాళ్ళ దగ్గర కూర్చుని లేని రాళ్ళు ఏరింది. పంతులు తెర వెనక నెత్తి కొట్టుకుంటున్నాడు. ముందు ఎవరో ఆడమనిషి నవ్వింది. తరువాత రెండు వీధులూ నవ్వాయి. ఒకే విషయానికి ఆ రెండు వీధులూ కలిసి నవ్వడం నేను అంతకు ముందు వినలేదు. ఆ నవ్వులోనే ఓబులేసు లేచాడు, కొట్టాడు. చెక్కకత్తే. నేను హాయిగా చచ్చిపోయాను.

తరువాత పంతులు నిష్ఠూరమాడితే, "సరిగ్గానే చేసినారు అయ్యోరా" అన్నాడు మామ, అటూ ఇటూ నడుస్తూనే.

దీంతో మా ఊరు బాగుపడిపోయిందని రాస్తే అబద్ధం. ఓబులేసూ నేనూ స్నేహితులం కాలేదు. ఒకరింట్లో ఒకరం నీళ్ళు తాగలేదు. ఎదురైనప్పుడు ఉమ్మడం మాత్రం మానుకున్నాం. ఆ నాటకం తరువాత మా ఊళ్ళో కొడవలి లేవలేదు. లేవబోయిన ప్రతిసారీ మామ జట్కా ఆ దారిన వచ్చేది. "ఏమప్పా, నేల సూసుకున్నావా?" అని అడిగి పోయేవాడు. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

ఈ ఏడు వంక గట్టు దగ్గర మా పొలానికీ ఓబులేసు వాళ్ళ పొలానికీ హద్దు తగువు మొదలైంది. నెలలుగా మాటల్లేవు. వాళ్ళింట్లో కొడవళ్ళు సాన పట్టిస్తున్నారని మా వాళ్ళు, మా ఇంట్లో పట్టిస్తున్నారని వాళ్ళు. ఈ స్థితిలో మామ రోడ్డు పక్కన కూర్చున్నాడు. వేంపల్లె నుంచి నడిచి వస్తూ నేను ఏడ్చాను. ఆయన కోసం ఎంత ఏడ్చానో, ఇక ఆ మాట అడిగేవాడు లేడని అంత ఏడ్చాను.

మట్టి చేసే చోటికి రెండు వీధులూ వచ్చాయి. దారి పొడుగునా భుజాలు మార్చుకుంటూ మోశారు, అయినా గుంత దగ్గర మళ్ళీ చెరో పక్కన నిలబడ్డారు. మా వాళ్ళలో ఒకరిద్దరి చేతుల్లో కట్టెలు ఉన్నాయి. అవతల కూడా ఉన్నాయి. ఆయన మీద మట్టి పడకుండా గుంతలో అడ్డంగా బండలు పరిచారు. ఇక మట్టి పోయాలి. తవ్విపోసిన మట్టి నిండా రాళ్ళే, మా నేల అంతే కదా.

ఓబులేసు వాళ్ళ గుంపులోంచి ముందుకు వచ్చాడు. నా వైపు చూడలేదు. నేలను చూశాడు. మట్టికుప్ప పక్కన మోకాళ్ళు వేసి, రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. పైన బండలు ఉన్నాయి, ఇక ఆయనకు ఏ రాయీ తగలదని వాడికీ తెలుసు. నేను పోయి ఎదురుగా కూర్చున్నాను. మట్టి పోయడానికి వచ్చినవాళ్ళు పారలు ఆనించుకుని ఆగారు. మేము ఏరుతూనే ఉన్నాం. మా ఇద్దరి మధ్య రాళ్ళు కుప్ప పడుతుంటే, వెనక నుంచి ఎవరో చేతిలో కట్టె కింద పెట్టి మా పక్కన వచ్చి కూర్చున్నారు.